సొలామ్నియా నైట్‌గా ఆడే ముందు చూసుకోవాల్సినవి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రలు పోషించే ఆటలో డ్రాగన్‌లాన్స్ ఒక కల్పిత ప్రపంచం. అందులో చాలామంది కవచం, మీసం చూసి సొలామ్నియా నైట్ అనే వీరయోధుడి పాత్రని ఎంచుకుంటారు. క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాల కాగితం) నింపే ముందు ఇవి చూసుకోండి.

☐ ఆట నియమాల్లో ఏ ఎడిషన్ వాడుతున్నారని డంజన్ మాస్టర్‌ని (ఆట నడిపించే వ్యక్తిని) ముందే అడగండి. గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. నైట్‌లకి మూడు శ్రేణులు: కిరీటం, ఖడ్గం, గులాబీ. పాత నియమాల్లో అందరూ మొదట కిరీటం శ్రేణిలోనే చేరాలి. ఖడ్గం, గులాబీ ఆ తర్వాతే. 2022లో వచ్చిన ఐదో ఎడిషన్ సాహసం పుస్తకంలో అలా కాదు: మొదట స్క్వైర్ ఫీట్ (పాత్రకి వచ్చే ఒక ప్రత్యేక సామర్థ్యం) ఉండాలి, 4వ లెవెల్ నుంచి మూడింట్లో దేన్నైనా తీసుకోవచ్చు. పాత పద్ధతే నాకిష్టం, గులాబీకి అప్పుడే విలువ.

☐ దేవుడెవరో తెలుసుకోండి. కిరీటానికి హబ్బకుక్, ఖడ్గానికి కిరి-జోలిత్, గులాబీకి పాలడైన్.

☐ ప్రమాణం నోటికి రావాలి: "ఎస్ట్ సులారస్ ఓత్ మిథాస్". అంటే నా గౌరవమే నా ప్రాణం. ఇక 'మెజర్' అనే నియమావళి 37 సంపుటాలు, ఒక్కోటి 300 పేజీలు. టెన్షన్ పడకండి, అవి కథలోనే ఉన్నాయి, ఎవరూ చదవమనరు! కానీ అబద్ధం చెప్పి తప్పించుకోవడం, లొంగిపోయిన శత్రువుని చంపడం మీ పాత్రకి కుదరవు.

☐ జట్టులో దొంగ పాత్ర ఉందా? అతని పనులకీ మీ నియమాలకీ పడకపోవచ్చు, ఆ పాత్ర ఆడే స్నేహితుడితో ఆటకి ముందే మాట్లాడుకోండి.

☐ కథాకాలం అడగండి. ఆ ప్రపంచాన్ని కుదిపేసిన మహాప్రళయం తర్వాత జనం నైట్‌లనే నిందించారు. ఆ రోజుల్లో ఊళ్లోకి చిహ్నాలు దాచుకుని వెళ్లడమే మేలు.