నెల డబ్బు పడే వారంలో ఓవర్‌డోస్ ముప్పు తగ్గించడం ఎలా

ప్రభుత్వ సాయం నెలకోసారి మొత్తంగా చేతికందితే, ఆ తర్వాతి కొద్ది రోజుల్లో మత్తుమందుల అలవాటున్నవారిలో వాడకం ఎగబాకుతుంది. లాస్ ఏంజెలెస్‌లో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధితో పాటు కొకైన్ అలవాటు కూడా ఉన్న రోగులను గమనించిన అధ్యయనం 1995లో అచ్చయింది. వైకల్య పింఛను అందిన నెల మొదటి రోజుల్లోనే వారిలో కొకైన్ వాడకం, ఆసుపత్రిలో చేరడం ఎక్కువగా కనిపించాయి. అలాగని డబ్బు ఆపేయకూడదు. అద్దె, తిండి, మందులు గడిచేది దానితోనే.

ముందు రెండు నెలలు తేదీలవారీగా రాసి పెట్టండి: డబ్బు ఎప్పుడు పడింది, ఎప్పుడు ఎంత వాడారు, ఏ రోజు పస్తున్నారు. అద్దె, కరెంటు బిల్లు డబ్బు పడిన రోజే ఖాతా నుంచి నేరుగా వెళ్లేలా చూడండి. అప్పులవాళ్లు కూడా ఆ రోజే కాచుకుని ఉంటారు కాబట్టి వాయిదాల సంగతి ముందే మాట్లాడుకోవాలి.

వీలుంటే సాయాన్ని రెండు విడతలుగా అడగవచ్చు. అయితే కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన ప్రయోగంలో చెల్లింపు రోజులు మార్చినప్పుడు వాడకం ఉద్ధృతి తగ్గినా, కొన్ని ఇతర హానులు పెరిగాయి. అందుకే అది ఆ మనిషి ఇష్టపడితేనే చేయాలి. ఏటీఎం కార్డు లాక్కుంటే అప్పులు, దాపరికం, గొడవలు మొదలవుతాయి.

అసలు ప్రమాదం ఇక్కడుంది. నెలాఖరున డబ్బులేక హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లు మానేస్తే, కొద్ది రోజుల్లోనే శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. డబ్బు రాగానే పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగవచ్చు. ఓపియాయిడ్ అలవాటుకు డాక్టర్లు ఇచ్చే మెథడోన్, బుప్రెనార్ఫిన్ మందుల చికిత్సలో ఉన్నవారు ఆ వారం ఒక్క డోసూ తప్పకూడదు. వాడేవారు ఒంటరిగా ఉండకూడదు, కొద్దిగానే మొదలుపెట్టాలి, మద్యం, నిద్రమాత్రలు కలపకూడదు.

పిలిచినా పలకకపోయినా, గురక లాంటి శ్వాస వచ్చినా, పెదవులు నీలంగా మారినా వెంటనే అంబులెన్స్ పిలవండి. ఓపియాయిడ్ల ప్రభావాన్ని తిప్పికొట్టే నాలోక్సోన్ మందు స్ప్రేను ఒక ముక్కుపుటంలో కొట్టి, 5 సెకన్లకోసారి నోటితో ఊపిరి ఇవ్వండి. 2, 3 నిమిషాల్లో తేరుకోకపోతే రెండో డోసు ఇవ్వాలి. ఊపిరి అందుకున్నాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నాలోక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే. ఆ ప్రభావం తగ్గాక మళ్లీ స్పృహ తప్పవచ్చు కాబట్టి లేచి కూర్చున్నా వదిలి వెళ్లకండి.