పెరట్లో చెక్క డెక్ – మూడో పాఠం: పలక ఎంపిక, సందు లెక్క

గచ్చు మీద దూలాలు వేసి, వాటిపై పలకలు పరిచే చెక్క వేదికే డెక్. కిందటి పాఠంలో పెరటి గచ్చు మీద నీళ్లు పోసి వాలు ఎటుందో చూసుకున్నారు కదా. ఇంటి గోడ దగ్గర్నుంచి బయటికి, పదడుగుల దూరానికి అంగుళం పైచిలుకు వాలు కుదిరాకే ఈ పాఠం మొదలుపెట్టండి. విజయవాడ ఎండకు టేకు పలక బూడిద రంగుకు తిరుగుతుంది, అంతే. దాన్ని నిజంగా తినేసేది కింద ఆరకుండా నిలిచిన తడి, ఆ తడిని వెతుక్కుంటూ వచ్చే చెదలు. ఈ పాఠంలో చెప్పే కొలతలన్నీ ఆ తడిని ఆరబెట్టడానికే.

ముందు కలప. అడితికి వెళ్లి టేకు కావాలంటే సరిపోదు, చేవ కావాలని అడగండి. పలక చివర చూస్తే మధ్యలో ముదురు గోధుమరంగు చేవ, అంచున పాలిపోయిన పొర కనిపిస్తాయి. ఆ పాలిపోయిన పొరకు చెద పడుతుంది. చేవకు అంత తేలిగ్గా పట్టదు. లేత తోట టేకులో ఈ తెల్లపొర ఎక్కువగా ఉంటుంది. ధర తక్కువని తీసుకుంటే బయట వానకు అది నిలవదు. నల్లమద్ది బరువైనది, గట్టిది, కానీ ఎండకు బీటలిస్తుంది. చిన్న వెడల్పు పలకలుగా కోయించుకుంటే ఫరవాలేదు. పైన్ అయితే ప్రెషర్‌తో చెద, కుళ్లు పట్టని మందు పట్టించినదే తీసుకోవాలి, కోసిన ప్రతి చివరకూ మళ్లీ మందు పూయాలి. మన పక్కనే కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి ఉలికి ఎంత చక్కగా లొంగుతుందో అందరికీ తెలుసు. ఆ మెత్తదనమే ఇక్కడ పనికిరాదు.

కింద వేసే దూలాల దగ్గరే చాలామంది పొదుపు చేస్తారు. కనపడదు కదా అని మామిడి చెక్క వేయిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ముందుగా కుళ్లేది అదే, మార్చాలంటే పైనున్న పలకలన్నీ ఊడదీయాలి. డబ్బు సరిపోకపోతే డెక్ కొలత తగ్గించుకోండి, దూలం నాణ్యత మాత్రం తగ్గించకండి.

లెక్క ఒకసారి వేద్దాం. గోడ వెంట 12 అడుగులు, బయటికి 10 అడుగులు అనుకోండి. 4 అంగుళాల వెడల్పు, అంగుళం మందం పలకలు గోడకు సమాంతరంగా వెళ్తాయి. దూలాలు వాటికి అడ్డంగా, వాలు దిశలోనే పడుకోవాలి, అప్పుడే నీళ్లు దూలానికి తగిలి ఆగవు. 2×3 అంగుళాల దూలాలు మధ్య నుంచి మధ్యకు 16 అంగుళాల చొప్పున వేస్తే 10 పడతాయి. వాటికి నాలుగు ఘనపుటడుగుల పైన, పలకలకు తరుగుతో కలిపి పదిన్నర, మొత్తం 15 ఘనపుటడుగులు. కోత మిల్లులో అంగుళం అన్నది చిత్రిక పట్టాక 22 మిల్లీమీటర్ల దాకా వస్తుంది, బిల్లు మాత్రం అంగుళానికే. వాదించకండి, అది ఆనవాయితీ.

కలప ఇంటికి రాగానే పని మొదలుపెట్టొద్దు. నీడలో, నేలకు తగలకుండా, పలకకూ పలకకూ మధ్య సన్నని రీపరు పెట్టి పేర్చి రెండు మూడు వారాలు వదిలేయండి. ఇక్కడి గాలికి సర్దుకుంటుంది. తేమ మీటరు దొరికితే 12 శాతం ప్రాంతంలో ఉందో లేదో చూడండి.

ఇప్పుడు సందు, అంటే పలకకూ పలకకూ మధ్య వదిలే ఖాళీ. పలక పొడవునా పెద్దగా పెరగదు, వెడల్పునే ఉబ్బుతుంది, తగ్గుతుంది. 4 అంగుళాల టేకు పలకలో ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య మిల్లీమీటరు పైచిలుకు తేడా రావచ్చు. అందుకే సందు ఎంత వదలాలో మీరు ఏ నెలలో పరుస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, పలక బాగా ఎండి ఉంటుంది. భాద్రపదంలో ఉబ్బుతుంది. కాబట్టి 6 మిల్లీమీటర్ల సందు వదలండి. అదే శ్రావణంలో పరిస్తే పలక ఇప్పటికే ఉబ్బి ఉంది, ఎండలు వస్తే సన్నబడుతుంది. అప్పుడు 4 చాలు. ఆ మందం ప్లైవుడ్ ముక్కలు రెండు పట్టుకుని ప్రతి పలక మధ్యా దూర్చి స్క్రూ బిగించండి, కంటి అంచనాను నమ్మొద్దు. గోడ దగ్గర మాత్రం 10 మిల్లీమీటర్లు వదలాలి.

దూలం కింద, రెండడుగులకో చోట, గట్టి రబ్బరు ముక్క పెట్టండి. చెక్క గచ్చుకు తగలకూడదు, అడుగున గాలి ఆడాలి. మట్టం చూసుకుంటూ ముక్కల మందం మార్చుకోవచ్చు. కానీ మట్టం కోసం వాలు పోగొట్టుకోవద్దు, డెక్ కూడా ఆ వాలునే అనుసరించాలి.

స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి, 304 గ్రేడు అని అడిగి తీసుకోండి. మామూలు ఇనుప స్క్రూ టేకుతో కలిస్తే చుట్టూ నల్లటి మరక పాకుతుంది, తుప్పు కూడా పడుతుంది. ప్రతి దూలం దగ్గర పలకకు రెండు స్క్రూలు, అంచుకు 20 మిల్లీమీటర్ల లోపలికి. ముందుగా సన్నని బెజ్జం వేయాల్సిందే. ఓపిక లేక నేరుగా బిగిస్తే పలక చివర చీలుతుంది, చీలికలోకి నీళ్లు దిగుతాయి.

విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట వైపు ఇళ్లవాళ్లకు ఒక మాట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు నీళ్లు ఇళ్లలో రోజుల తరబడి నిలిచాయి. అలాంటి చోట నాణ్యమైన చేవ పలక తట్టుకోవచ్చు, కానీ దాని కింద పేరుకున్న ఒండ్రు తీయకపోతే ఎప్పటికీ ఆరదు. కాబట్టి మొత్తం డెక్‌ను ఒకే బిగింపుగా చేయకుండా, మూడడుగుల వెడల్పు చెక్క పెట్టెల్లా విడివిడిగా కూర్చండి. ఇద్దరు మనుషులు పట్టి ఎత్తేలా ఉంటే కింద కడిగి ఆరబెట్టుకోవచ్చు. ఈ పద్ధతిలో దూలాలు కొంచెం ఎక్కువ పడతాయి, ఆ ఖర్చుకు వెనకాడకండి.

వచ్చే పాఠం నూనె పట్టించడం మీద. దానికి ముందు ఒక పని చేయండి: మిగిలిన పలక ముక్కలు మూడు తీసుకుని ఒకటి వానలో, ఒకటి నీడలో, ఒకటి ఎండలో వదలండి. వెడల్పు కొలిచి ప్రతి ముక్క వెనుక పెన్సిలుతో రాసి పెట్టుకోండి. వాటిని మళ్లీ కొలిచి ఆ పాఠం మొదలుపెడతాం.