ఆవిరితో చమురు – 5వ పాఠం: మూడు అంటే మూడు టన్నుల నీళ్లు

జంట బావి పద్ధతిలో పై బావి నుంచి పొరలోకి ఆవిరి పంపుతారు, కరిగి జారిన చమురును కింది బావి నుంచి తోడుతారు. ఆ కింది బావిలోకి ఆవిరి చొరబడకుండా ఎలా కాపాడుకోవాలో ఈసారి చెబుతానని మాట ఇచ్చాను. అది పాఠం చివరికి జరుపుతున్నాను. నాలుగో పాఠంలో ఇచ్చిన ఒక్క లెక్కకు వచ్చిన జవాబులు చూశాక, ఆ పునాది సరిచేయకుండా పై గోడ కట్టడం సరికాదనిపించింది.

లెక్క ఇది. కెనడాలోని అథబాస్కాలో ఒక జంట బావి ఉంది. ఆవిరి పంపే పీడనం 2.5 మెగాపాస్కల్. ఆవిరి–చమురు నిష్పత్తి 3, అంటే ఒక ఘనమీటరు చమురుకు మూడు ఘనమీటర్ల ఆవిరి. రోజుకు 100 ఘనమీటర్ల చమురు రావాలంటే బాయిలర్‌కు రోజుకు ఎన్ని నీళ్లు కావాలి?

కొందరు 180 లీటర్లు అన్నారు. కొందరు 3.75 టన్నులు అన్నారు. కొద్దిమందే 300 టన్నులు అన్నారు. ఆ కొద్దిమందే సరి.

మొదటి రెండు గుంపుల వాళ్లు గుణకారంలో తప్పు చేయలేదు. ఒక కిలో నీరు మామూలు వాతావరణ పీడనంలో ఆవిరైతే 1.67 ఘనమీటర్లు ఆక్రమిస్తుందని బడిలో చదువుకున్నదే మొదటి గుంపు వాడింది. 300 ఘనమీటర్ల ఆవిరిని 1.67తో భాగిస్తే 180 కిలోలు. రెండో గుంపు ఇంకాస్త శ్రద్ధగా ఆవిరి పట్టిక తెరిచింది. 2.5 మెగాపాస్కల్ దగ్గర కిలో ఆవిరి 0.08 ఘనమీటరే ఉంటుందని చూసి 3,750 కిలోలు అన్నది. రెండు చోట్లా తప్పు ఒక్కటే. నిష్పత్తిలోని ‘ఆవిరి’ని ఆవిరి రూపంలోనే కొలిచారు. దీనికి నేనూ కారకుడినే. ‘మూడు ఘనమీటర్ల ఆవిరి’ అని నాలుగో పాఠంలో రాసి, ఆ మాటకు ఈ రంగంలో ఉన్న అర్థం చెప్పకుండా దాటేశాను.

ఆ అర్థం ఇప్పుడు చెబుతాను. ఆవిరి–చమురు నిష్పత్తిలో ఆవిరిని ఎప్పుడూ చల్లని నీటి లెక్కలోనే కొలుస్తారు. అంటే ఆ ఆవిరి తయారు కావడానికి బాయిలర్‌లోకి వెళ్లిన నీటి పరిమాణం. నిష్పత్తి 3 అంటే ఒక ఘనమీటరు చమురుకు మూడు ఘనమీటర్ల నీళ్లు, అంటే మూడు టన్నుల నీళ్లు ఆవిరై భూమిలోకి వెళ్లాయని అర్థం.

ఇడ్లీ పాత్ర సంగతి ఆలోచించండి. అడుగున రెండు గ్లాసుల నీళ్లు పోసి మూత పెడతాం. వాయి దిగాక ‘ఎన్ని గ్లాసుల ఆవిరి పట్టింది’ అని ఏ ఇంట్లోనూ అడగరు. ఎన్ని నీళ్లు పోశాం, ఎన్ని మిగిలాయి అనే చూస్తారు. చమురు క్షేత్రంలోనూ అంతే. బాయిలర్ దగ్గర ఆవిరికి ఒక పీడనం, గొట్టం చివర ఇంకొకటి, బావి అడుగున మరొకటి. పీడనం మారిన ప్రతిచోటా ఆవిరి ఘనపరిమాణం మారిపోతుంది. నీటి ద్రవ్యరాశి మాత్రం ఎక్కడ తూచినా అదే. అందుకే నీటిని పట్టుకున్నారు.

నా సలహా ఒకటి. మీ నోటుపుస్తకంలో బ్యారెళ్లను పూర్తిగా మానేయండి. ఒక బ్యారెల్ 0.159 ఘనమీటరు అని అట్ట లోపల ఒక్కసారి రాసుకోండి, చాలు. ఆవిరిని టన్నుల్లో, చమురును ఘనమీటర్లలో రాసేవాళ్లు ఈ తప్పులో పడటం నేను చూడలేదు. టన్ను అని రాయగానే చేతికి బరువు తెలుస్తుంది.

అయినా నా మాట నమ్మి వదిలేయవద్దు. 180 లీటర్లు అసాధ్యమని మీరే రుజువు చేసుకోగలగాలి. ఒక డ్రమ్ము నీళ్లతో రోజుకు 100 ఘనమీటర్ల తారులాంటి చమురు కరుగుతుందని కాగితం చెబుతున్నప్పుడు మనసులో ఎక్కడో గంట మోగాలి. ఆ గంట పేరు ఉష్ణశక్తి లెక్క. ఈ పాఠమంతా దానికోసమే.

ఒక ఘనమీటరు చమురు బయటికి రావాలంటే ఎంత పొర వేడెక్కాలి? అథబాస్కాలో చమురు ఉన్న మెక్‌ముర్రే ఇసుకపొరలో ఖాళీలు 33 శాతం అనుకుందాం. ఆ ఖాళీల్లో మొదట 80 శాతం చమురు ఉంది. ఆవిరి తన పని ముగించాక 15 శాతం రేణువులను అంటుకొని మిగిలిపోతుంది. దక్కేది 65 శాతం. 0.33ను 0.65తో గుణిస్తే 0.2145. ఒక ఘనమీటరు పొరకు దక్కే చమురు ఇంతే. తిరగేస్తే, ఒక ఘనమీటరు చమురుకోసం 4.66 ఘనమీటర్ల పొరను వేడి చేయాలి. దానిలో మూడింట రెండు వంతులు వట్టి ఇసుక. మనం కొనే వేడిలో పెద్ద వాటా ఇసుకే తింటుంది. ఈ వాక్యాన్ని గుర్తు పెట్టుకుంటే మిగతా పాఠం సగం అర్థమైనట్టే.

ఈ పొర ఒక ఘనమీటరును ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 2.3 మెగాజౌళ్లు కావాలి. అథబాస్కా పొర సహజ ఉష్ణోగ్రత దాదాపు 10 డిగ్రీలు. 2.5 మెగాపాస్కల్ దగ్గర సంతృప్త ఆవిరి (అదే పీడనంలో నీరు మరిగే ఉష్ణోగ్రత దగ్గర ఉన్న ఆవిరి) 224 డిగ్రీలు. తేడా 214. గుణించండి: 4.66 × 2.3 × 214, అంటే 2,294 మెగాజౌళ్లు.

ఇక ఆవిరి ఏమిస్తుంది? ఆవిరి గది (పొరలో ఆవిరి నిండిన చోటు) అంచున అది నీరుగా మారి గుప్తోష్ణాన్ని వదిలేస్తుంది. ఆ నీరు వేడిగానే జారి కింది బావిలోకి పోతుంది. కాబట్టి మన చేతికి దక్కేది గుప్తోష్ణమే అనుకోండి. 2.5 మెగాపాస్కల్ దగ్గర అది టన్నుకు 1,840 మెగాజౌళ్లు. 2,294ను 1,840తో భాగిస్తే 1.25 టన్నులు. చుక్క నష్టం లేకపోయినా, భూమి ఆదర్శంగా ఉన్నా, ఘనమీటరు చమురుకు టన్నుంబావు నీళ్లు ఆవిరి కావాల్సిందే.

ఇప్పుడు 180 లీటర్ల జవాబును దీని పక్కన పెట్టండి. ఆ లెక్కలో ఘనమీటరు చమురుకు 1.8 కిలోల ఆవిరి. అది ఇచ్చే వేడి సుమారు 4 మెగాజౌళ్లు. కావలసింది 2,294. రెండో గుంపుది 37.5 కిలోలు, 69 మెగాజౌళ్లు. గంట మోగింది కదా. ఏ లెక్క చేసినా చివర ఇలా ఒకసారి తట్టి చూడండి. నేను 2 నుంచి 2.5 మెగాపాస్కల్ మధ్య ఎక్కడున్నా గుప్తోష్ణం 1,850 అని నోటితోనే వేసేస్తాను. మొదటి అంచనాకు పట్టిక తెరవను.

ఒక పాఠకుడు మంచి ప్రశ్న వేశారు. ‘ఆవిరి ఎంత వేడిగా ఉంటే అంత మంచిది కదా, పీడనం 10 మెగాపాస్కల్‌కు పెంచితే సరిపోదా?’ అని. వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు. పీడనం పెరిగితే ఆవిరి ఉష్ణోగ్రత పెరుగుతుంది, గుప్తోష్ణం తగ్గుతుంది. 10 మెగాపాస్కల్ దగ్గర ఆవిరి 311 డిగ్రీలు, గుప్తోష్ణం టన్నుకు 1,317 మెగాజౌళ్లు. పొరను 10 నుంచి 311 వరకు వేడి చేయాలి, అంటే 3,227 మెగాజౌళ్లు. ఆవిరి 2.45 టన్నులు. దాదాపు రెట్టింపు. ఇచ్చే చేయి చిన్నదయింది, అడిగే కడుపు పెద్దదయింది.

మరి 1 మెగాపాస్కల్‌కు దించితే? 180 డిగ్రీలు, గుప్తోష్ణం 2,015. ఆవిరి 0.9 టన్నులే. కానీ చమురు ఇంకా చిక్కగా ఉంటుంది కాబట్టి నెమ్మదిగా జారుతుంది. ఇక్కడ, ఈ జంట బావి పద్ధతిని రూపొందించిన ఇంజనీరు రోజర్ బట్లర్ సమీకరణం గుర్తు చేసుకోండి. చమురు జారే వేగం స్నిగ్ధతకు, అంటే చిక్కదనానికి, వర్గమూలంతో ముడిపడి ఉంటుంది. స్నిగ్ధత సగమైతే వేగం రెట్టింపు కాదు, 1.4 రెట్లు మాత్రమే అవుతుంది. ఆలస్యమైన ప్రతి ఏడూ పై రాతిలోకి వేడి పోతూనే ఉంటుంది. అడుగున పీడనం తక్కువైతే చమురును పైకి తోడే పంపు మీద భారమూ పెరుగుతుంది. పీడనం ఎంచుకోవడమంటే ఈ లాగుడుల మధ్య నిలబడటం. పైహద్దు మాత్రం బేరానికి లొంగదు. దాన్ని చమురు పొర పైన మూతలా ఉండే కప్పురాయి నిర్ణయిస్తుంది. 2006 మేలో అథబాస్కాలోనే ఉన్న జోస్లిన్ క్రీక్ దగ్గర, లోతు తక్కువైన పొరలోని ఆవిరి నేలను చీల్చుకొని పైకి వచ్చింది. పీడనం గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్లకు నేను ముందు ఆ సంఘటన చెబుతాను.

లెక్కలో 1.25 వచ్చింది, క్షేత్రాల్లో 2.5, 3 వస్తున్నాయి. మిగతా ఆవిరి ఎటు పోయింది? పెద్ద దొంగ కప్పురాయే. ఆవిరి గది పైకి పెరిగి ఇసుకపొర పైఅంచును తాకిన రోజు నుంచి, చుక్క చమురు లేని ఆ రాతిని వేడి చేయడం మొదలవుతుంది. 214 డిగ్రీల తేడాతో ఐదేళ్లు ఆనుకొని ఉంటే చదరపు మీటరుకు సుమారు 6,000 మెగాజౌళ్లు పైకి పోతాయి. పొర మందం 20 మీటర్లైతే ఆ చదరపు మీటరు కింద మనకు దక్కే చమురు 4.29 ఘనమీటర్లు. నష్టాన్ని పంచితే ఘనమీటరుకు 0.76 టన్నుల ఆవిరి. మందం 10 మీటర్లే అయితే చమురు సగం, నష్టం మాత్రం అదే, కాబట్టి 1.52 టన్నులు. పలచని పొరల జోలికి ఎవరూ ఎందుకు పోరో ఈ ఒక్క భాగహారం చెప్పేస్తుంది. 20 మీటర్ల పొరకు మొత్తం 2.01 అయింది. బావి గొట్టం వెంట పోయే వేడి, ఇసుక మధ్యలోని బంకరాతి పలకలు తినేది, నీటి పొరల్లోకి జారుకునే ఆవిరి కలిస్తే రెండున్నరకో మూడుకో చేరడం వింత కాదు. మూడు టన్నుల నీళ్లూ ప్రతిసారీ నది నుంచి కొత్తగా తోడేవి కావని కూడా గమనించండి. చమురుతో పాటు పైకి వచ్చిన నీటిలో చాలా భాగాన్ని శుద్ధి చేసి మళ్లీ బాయిలర్‌కే పంపుతారు.

ఒకే బావిలో ఆవిరి పంపి, కొన్నాళ్లు నాననిచ్చి, అదే బావి నుంచి తోడే పద్ధతికీ ఇదే లెక్కా అని మరికొందరు అడిగారు. 1959లో వెనిజులాలోని మెనే గ్రాండేలో అనుకోకుండా బయటపడిన పద్ధతి అది. రాజస్థాన్‌లోని బాఘేవాలా క్షేత్రంలో ఆయిల్ ఇండియా సంస్థ వాడుతున్నదీ అదే. కొలత అక్కడా చల్లని నీళ్లే. అయితే ఒక జాగ్రత్త. అక్కడ తడి ఆవిరి పంపడం పరిపాటి. 80 శాతం నాణ్యత అంటే టన్నులో 800 కిలోలే ఆవిరి, 200 కిలోలు మరిగే నీరు. కొలతలో మాత్రం రెండూ కలిపి ఒక టన్నే. జంట బావి పద్ధతిలో నీటిని ముందే వేరుచేసి పొడి ఆవిరిని పంపుతారు. కాబట్టి రెండు పద్ధతుల నిష్పత్తులను పక్కపక్కన పెట్టి ఏది గొప్పదని తేల్చకండి. ముందు రెండింటినీ మెగాజౌళ్లలోకి మార్చండి.

ఇక వాయిదా వేసిన విషయం. కింది బావి పైన ఎప్పుడూ కొంత వేడి ద్రవం నిలిచి ఉండాలి. వాష్‌బేసిన్ కింద వంపు గొట్టంలో నిలిచిన నీరు వాసనను ఎలా ఆపుతుందో, ఆ మడుగు ఆవిరిని అలా ఆపుతుంది. మడుగు మట్టం కంటికి కనిపించదు కాబట్టి ఉష్ణోగ్రతతో కనిపెడతారు. బావి అడుగున ఉన్న పీడనానికి సంతృప్త ఉష్ణోగ్రత ఎంతో చూసి, వస్తున్న ద్రవం దానికంటే ఎన్ని డిగ్రీలు చల్లగా ఉందో లెక్కిస్తారు. 5 నుంచి 20 డిగ్రీల తేడా మామూలుగా సురక్షితం. తేడా సున్నాకు చేరితే ఆవిరి నేరుగా లోపలికి దూకుతోందని అర్థం. అలా దూకిన ఆవిరి తన గుప్తోష్ణాన్ని పొరకు ఇవ్వకుండానే పైకి వచ్చేస్తుంది, వేగంగా వచ్చే ఇసుక రేణువులతో బావి జల్లెడను కోసేస్తుంది. తేడా మరీ పెరిగితే మడుగు పై బావిదాకా లేచి, ఆవిరి గదినే ముంచుతుంది. రెండు బావుల మధ్య ఎడం 5 మీటర్లే అని మరవవద్దు. పీడనం, ఉష్ణోగ్రత రెండూ బావి అడుగున ఒకేచోట కొలిచినవై ఉండాలి. పైన కొలిచిన పీడనంతో కింది ఉష్ణోగ్రతను పోల్చకండి.

అభ్యాసం ఒక్కటే, కానీ ఒక సాయంత్రం పడుతుంది. పొర మందం 15 మీటర్లు, ఖాళీలు 31 శాతం, మొదటి చమురు 75 శాతం, మిగిలేది 15 శాతం, కాలం ఏడేళ్లు. 1.5 మెగాపాస్కల్ దగ్గర (198 డిగ్రీలు, గుప్తోష్ణం 1,947), 4 మెగాపాస్కల్ దగ్గర (250 డిగ్రీలు, గుప్తోష్ణం 1,714) ఆవిరి–చమురు నిష్పత్తి విడివిడిగా కట్టండి. కప్పురాయి నష్టానికి సూత్రం: ఉష్ణవాహకత (1.7 వాట్లు, మీటరుకు, డిగ్రీకి), ఘనమీటరు ఉష్ణధారిత (23 లక్షల జౌళ్లు), సెకన్లలో కాలం – ఈ మూడింటినీ గుణించి 3.1416తో భాగించి వర్గమూలం తీయండి. దాన్ని ఉష్ణోగ్రతల తేడాకు రెట్టింపుతో గుణిస్తే చదరపు మీటరుకు జౌళ్లు వస్తాయి. నేను పైన చెప్పిన 6,000 ఇలా వచ్చిందే, ముందు దాన్ని రాబట్టి చేయి సరిచూసుకోండి. తర్వాత, 2.5 మెగాపాస్కల్ దగ్గర పైన వాడిన పొరకే, ఐదేళ్ల కాలానికి, ఏ మందం దగ్గర నిష్పత్తి 4 దాటుతుందో కనుక్కోండి. ప్రతి మెట్టులో ప్రమాణం రాయండి. ప్రమాణం లేని అంకె ఉన్న జవాబును నేను దిద్దను.