సోనోమీటర్ మీద కాగితం ముక్క పడట్లేదా?

సోనోమీటర్ (చివర బరువు వేలాడదీసి పెట్టె మీద బిగించిన తీగ, దాని కింద జరిపే బ్రిడ్జిలు) ముందు కూర్చుని, తీగ శ్రుతిదండంతో సమంగా కంపించి దాని మీది కాగితం ముక్క ఎప్పుడు పడుతుందా అని బ్రిడ్జిలు జరుపుతూనే సగం పీరియడ్ అయిపోతుంది. మొన్న కడపలో మా ల్యాబ్‌లో ఇలా చేశాను. ముందు 256 హెర్ట్జ్ శ్రుతిదండంతో (ట్యూనింగ్ ఫోర్క్‌తో) బ్రిడ్జిల మధ్య తీగ పొడవు ఒక్కటి ఓపిగ్గా పట్టాను, 40 సెంటీమీటర్లు వచ్చింది. రెండూ గుణిస్తే 10240, బరువు మారనంతవరకు ఏ ఫోర్క్‌కైనా ఈ లబ్ధం ఇదే. దాన్ని తర్వాతి ఫోర్క్ మీదున్న అంకెతో భాగించడమే: 320కి 32, 512కి 20. బ్రిడ్జి నేరుగా అక్కడ పెట్టి, అటూ ఇటూ అర సెంటీమీటరు కదిపేసరికి, వి ఆకారంలో మడిచిన కాగితం తీగ నడుమ నుంచి ఠపీమని పడింది. (ఫోర్క్ కాడ పెట్టెకు గట్టిగా ఆనాలి, అదే చాలామంది మరిచిపోయేది.) మధ్యలో బరువు మార్చారో, ఆ 10240 ఇక పనికిరాదు, మళ్లీ మొదటి ఫోర్క్‌తో కొలవాలి. రికార్డులో మాత్రం కొలిచిందే రాయండి, లెక్కేసింది కాదు.