ఇంగ్లండ్‌లో స్కూల్ సీటు రాలేదా? అప్పీల్‌లో ఏం అడగాలి, ఏం అనకూడదు

సెకండరీ సీట్లు మార్చి 1న, ప్రైమరీ సీట్లు ఏప్రిల్ 16న చెబుతారు (సెలవైతే మర్నాడు). కోరిన స్కూల్ రాలేదని వచ్చిన సీటు వదిలేయకండి. దాన్ని ఒప్పుకున్నా అప్పీల్‌కు నష్టం లేదు. వెయిటింగ్ లిస్టులోనూ పేరు ఉంచండి. అప్పీల్ వేసినంత మాత్రాన అందులో ముందుకీ వెనక్కీ జరగరు.

అప్పీల్‌కు ఫీజు లేదు. తిరస్కరణ ఉత్తరం వచ్చాక కనీసం 20 స్కూల్ రోజుల గడువు ఇవ్వాలి. ఎవరికి పంపాలో ఆ ఉత్తరంలోనే చూసుకోండి. అకాడమీలకు (స్థానిక కౌన్సిల్ కింద కాకుండా ప్రభుత్వ నిధులతో సొంతంగా నడిచే స్కూళ్లు) చాలాచోట్ల కౌన్సిల్‌కు కాదు, స్కూల్‌కే పంపాలి.

వినేది స్కూల్‌తో సంబంధం లేని, కనీసం ముగ్గురున్న ప్యానెల్. ఎంపీ సిఫార్సు లేఖ కోసం తిరిగే టైము ఆధారాల మీద పెట్టండి.

ప్యానెల్ ముందుగా చూసేది అడ్మిషన్ నిబంధనలు చట్టప్రకారం ఉన్నాయా, మీ దరఖాస్తుకు సరిగ్గా వర్తించారా అని. ఇంటి దూరం తప్పుగా కొలిచారా? అక్కడే చదువుతున్న అక్కనో అన్ననో లెక్కలోకి తీసుకోలేదా? ఇవి పట్టుకోండి. ఆ తర్వాత, ఇంకొక్కరిని చేర్చుకుంటే ఇబ్బందని స్కూలే నిరూపించాలి. విచారణకు ముందే పంపే వాళ్ల కాగితాలు అంకెల కోసం చదవండి. పరిమితి 180 అంటూ పైక్లాసులో 186 మంది ఉన్నారనుకోండి. "ఆ ఆరుగురి వల్ల ఏ పాఠం ఆగింది?" అని అడగొచ్చు. "రూములు చాలవు" అంటే, ఏ రూము, ఎన్ని సీట్లు, ఏ పీరియడ్‌లో అని అడగండి.

చివరిది తూకం: స్కూల్ ఇబ్బంది ఎక్కువా, మీ పిల్లకు జరిగే నష్టం ఎక్కువా? ఇక్కడ మీకు సీటు వచ్చిన స్కూల్‌ని తిట్టడం శుద్ధ దండగ. కోరిన స్కూల్లోనే దొరికేదేమిటో, అది మీ పిల్లకు ఎందుకు కావాలో డాక్టర్, టీచర్ లేఖలతో చూపండి. ఫ్రెండ్సంతా అక్కడే అన్న మాట ఒక్కటే నిలబడదు. గ్రామర్ స్కూల్ (ప్రవేశ పరీక్షతో పిల్లల్ని ఎంచుకునే స్కూల్) పరీక్షలో మార్కులు తగ్గితే ప్రైమరీ స్కూల్ రిపోర్టులు, ఆ రోజు జ్వరమైతే అప్పటి డాక్టర్ చీటీ కావాలి.

రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 (ప్రైమరీ మొదటి మూడు క్లాసులు) వేరే సంగతి. ఒక టీచర్‌కు 30 మందే అన్న చట్టం అడ్డొస్తే ఈ తూకమే ఉండదు. లెక్క తప్పు, నిబంధన తప్పు, లేదా బొత్తిగా అసమంజసమైన నిర్ణయం అని చూపగలిగితేనే ఆశ.

విచారణకు కనీసం 10 స్కూల్ రోజుల ముందు నోటీసు రావాలి. ఇంగ్లీషులో తడబడతామనుకుంటే దుబాసీ కావాలని ముందే క్లర్క్‌కు (విచారణ ఏర్పాట్లు చూసే వ్యక్తికి) రాయండి. తోడుగా ఒకరిని తీసుకెళ్లొచ్చు. స్కూల్ ప్రతినిధి మీరు లేకుండా ప్యానెల్‌తో ఉండకూడదు. మీరు బయటికొచ్చాక కూడా ఆయన రూములోనో ఆన్‌లైన్ కాల్‌లోనో ఉండిపోతే టైము రాసుకుని, వెంటనే క్లర్క్‌కు చెప్పండి.

ప్యానెల్ తీర్పుకు స్కూల్ కట్టుబడాల్సిందే. ఓడిపోయి, విచారణ నడిచిన తీరే తప్పనిపిస్తే కౌన్సిల్ స్కూళ్లకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి), అకాడమీలకు విద్యాశాఖ ఉన్నాయి. వాళ్లు సీటు ఇప్పించలేరు. తప్పు తేలితే మళ్లీ విచారణ జరిపించమనగలరు.