స్పానిష్ పాటలు కొత్తగా వినాలంటే ఊరి పేరుతో వెతకండి

యూట్యూబ్‌లో స్పానిష్ సాంగ్స్ అని కొడితే ఏమొస్తుందో మీకు తెలిసిందే, 2017 నుంచి మన పెళ్లిళ్ల డీజేల్లో కూడా మోగిన డెస్పసీతో, దాని వెనకాలే అదే బీటుతో ఇంకో యాభై. అవి బాగానే ఉంటాయి. కానీ స్పానిష్ అధికార భాషగా ఉన్న దేశాలు 20 ఉన్నాయి, ఒక్కో దేశంలో కొండకో పాట, తీరానికో పాట. అందుకే భాష పేరుతో వెతకడం మానేసి ఊరి పేరు, వాయిద్యం పేరు, తాళం పేరు పెట్టి వెతకండి. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టే.

మన వరంగల్ వైపు వాళ్లెవరు అడిగినా ముందు బుల్లెరెంగే వినమంటాను. కొలంబియాలో కరీబియన్ సముద్రం వైపు నల్లజాతి ఆడవాళ్లు తరతరాలుగా పాడుకుంటున్న పాట ఇది. ఒక పెద్దావిడ ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ అందుకుంటారు, తోడుగా డోళ్లు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పెరిగిన చెవికి ఈ వరస కొత్తగా అనిపించదు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా కాలు కదులుతుంది. పెత్రోనా మార్తీనెస్‌తో మొదలుపెట్టండి, 2021లో లాటిన్ గ్రామీ అందుకున్న గాయని. మొదటిసారి ఆమె గొంతు వినండి. రెండోసారి గొంతును వదిలేసి డోళ్లు మాత్రమే వినండి. యామదోర్ అనే చిన్న డోలు ఒకటుంటుంది, పాట మొదలు నుంచి చివరి దాకా ఒకటే దెబ్బ, అదీ తాళానికీ తాళానికీ మధ్య ఖాళీలో పడుతుంది. దాని పక్కనే అలెగ్రే అనే ఇంకో డోలు ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరిపోయి గాయనికి జవాబు చెబుతూ ఉంటుంది. ఈ రెండింటినీ విడివిడిగా పట్టుకోగలిగితే కుంబియా అనే డాన్స్ సంగీతం కూడా మీకు సులువుగా అందుతుంది, ఎందుకంటే అక్కడా ఇవే డోళ్లు.

ఇప్పుడు ఆ కుంబియా వెంట వెళ్లండి. అది కొలంబియా తీరంలో పుట్టి ఖండమంతా పాకింది, వెళ్లిన ప్రతిచోటా వేషం మార్చింది. మెక్సికోలోని మోంతెర్రేలో సెల్సో పీన్యా దాన్ని అకార్డియన్ మీద వాయించాడు. పెరూ అమెజాన్ అడవి వైపు లోస్ మిర్లోస్ అనే బ్యాండు ఎలక్ట్రిక్ గిటార్ల మీదికి ఎక్కించింది. మూడు దేశాల కుంబియా ఒకదాని వెంట ఒకటి పెట్టుకొని వినండి, ఒక పూట చాలు, ప్లేలిస్టులు నెలల తరబడి నేర్పనిది అప్పుడు తెలుస్తుంది.

వాయిద్యం వెంట వెళ్లడం ఇంకో దారి, నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. స్పెయిన్ ఫ్లమెంకో సంగీతంలో ఒక చెక్కపెట్టె మీద కూర్చుని చేతులతో వాయిస్తుంటారు చూశారా, అది కహోన్. పెరూలో బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతి వాయిద్యం అది, 1970ల చివర్లో స్పెయిన్ గిటారిస్టు పాకో దె లూసియా దాన్ని ఫ్లమెంకోలోకి తెచ్చాడు. అంటే ఫ్లమెంకో నచ్చినవాళ్లు కహోన్ పట్టుకొని పెరూ రాజధాని లీమా దాకా పోవచ్చు. అక్కడ గాయని సుసానా బాకా దొరుకుతుంది, 2011లో పెరూకి సాంస్కృతిక మంత్రిగా కూడా చేసింది. కొత్తతరం కావాలంటే మెక్సికో వెరాక్రూస్ అమ్మాయి సిల్వానా ఎస్త్రాదా, అమ్మానాన్నలు వాయిద్యాలు తయారుచేసేవాళ్లు. 2022లో లాటిన్ గ్రామీ ఉత్తమ కొత్త కళాకారిణి అవార్డును ఆమె 95 ఏళ్ల ఆంహెలా ఆల్వరెస్‌తో పంచుకుంది! సిల్వానా వాయించే క్వాత్రో వెనిజులా వాయిద్యం, నాలుగు తీగలు, దాని వెంట పోతే హార్ప్, మరకాస్‌తో దూసుకుపోయే హొరోపో అనే సంగీతం తగులుతుంది.

స్పెల్లింగ్ దగ్గర చాలామంది ఆగిపోతారు. హ అని వినిపిస్తే చాలాసార్లు అక్కడ జె రాస్తారు, య అని వినిపిస్తే తరచూ రెండు ఎల్‌లు, హెచ్ రాసినా పలకరు. ఇంతమాత్రం గుర్తుంటే సెర్చ్‌లో దాదాపు అన్నీ దొరుకుతాయి.

రేడియో గార్డెన్ యాప్ వేసుకోండి. భూగోళం తిప్పి ఏ ఊరి చుక్క మీద ఆపితే ఆ ఊరి రేడియో లైవ్‌లో వస్తుంది. కొలంబియా మనకంటే పదిన్నర గంటలు వెనక, కాబట్టి నేను పొద్దున ఆరున్నరకు భద్రకాళి బండ్ మీద నడుస్తుంటే బరాంకియాలో రాత్రి ఎనిమిది, వాళ్లు సాయంత్రం పూట పెట్టుకునే పాటలే నా చెవిలో. మాటలు, ప్రకటనలు, ఫుట్‌బాల్ కామెంటరీ కూడా వస్తాయి, ఛానల్ మార్చకుండా ఉంటే మంచిది, తర్వాతి పాట ఏ ప్లేలిస్టులోనూ లేనిదై ఉండొచ్చు. నచ్చినప్పుడు వెంటనే పాట విని పేరు చెప్పే షజామ్ యాప్ నొక్కి పేరు దాచుకోండి.

పాటల వెనక కథ కావాలంటే స్మిత్సోనియన్ ఫోక్‌వేస్ సైటుకి వెళ్లండి. వాళ్ల ఆల్బమ్‌ల పుస్తకాలు ఉచితంగా డౌన్‌లోడ్ అవుతాయి, ఎవరు పాడారు, ఏ ఊరివాళ్లు, ఏ సందర్భంలో పాడతారు అన్నీ ఉంటాయి, చాలావాటిలో పాటల అర్థం ఇంగ్లీషులో కూడా దొరుకుతుంది. వాయించినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి, డోలు వాయించినాయన పేరుతో వెతికితే ఆయన వాయించిన ఇంకో బృందం బయటపడుతుంది.

అన్నీ స్పానిష్‌లోనే ఉంటాయనుకోవద్దు. బొలీవియా గాయని లుస్మీలా కార్పియో కెచువా అనే ఆండీస్ కొండల భాషలో పాడుతుంది. ఆఫ్రికాలో స్పానిష్ మాట్లాడే ఈక్వటోరియల్ గినీ నుంచి వచ్చిన ఇహాస్ దెల్ సోల్ బుబి భాషలో కూడా పాడారు, ఇద్దరు ఆడవాళ్ల గొంతులు, తప్పకుండా వినండి.

చివరగా ఒక చిన్న పని. వీటికోసం యూట్యూబ్‌లో వేరే ఖాతా తెరవండి, లేకపోతే మీ తెలుగు పాటలూ ఇవీ కలిసిపోయి అది మళ్లీ హిట్ పాటల దగ్గరికే లాక్కొస్తుంది. ఆ ఖాతాలో మొదటి వారం ఆటోప్లే ఆపేసి ఉంచండి.