నియమాల పుస్తకం చదవడం నేర్చుకుందాం – 4: ఎవరు రాస్తారు, ఎవరు ఒప్పుకోవాలి

పోయిన పాఠంలో చట్టం వేరు, దాని కింద పుట్టే నియమాలు వేరు అని చూశాం. ఈసారి ఒకే సంస్థను పట్టుకొని కాస్త లోతుకు వెళ్దాం. మన వరంగల్ ఎన్‌ఐటీనే తీసుకుంటున్నాను. ఊళ్లో పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని ఆర్‌ఈసీ అనే అంటారు, అంటే అప్పటి రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ. 1959 అక్టోబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 2002లో ఎన్‌ఐటీ అయింది. 2007 ఆగస్టు 15 నుంచి పార్లమెంటు చేసిన ఎన్‌ఐటీల చట్టం కిందికి వచ్చింది. ఆ చట్టం ఆన్‌లైన్‌లో ఊరికే దొరుకుతుంది. ప్రింటు తీసుకొని, పెన్సిల్ పట్టుకొని కూర్చోండి. ఫోన్‌లో చదివితే ఈ పని సాగదు.

మొదటి పని, మనుషులను వెతకడం. సంస్థ పాలకమండలి అయిన బోర్డ్ ఆఫ్ గవర్నర్స్‌లో ఎవరెవరు ఉండాలో చెప్పే సెక్షన్ దగ్గర ఆగండి. ఛైర్‌పర్సన్‌ను నామినేట్ చేసేది విజిటర్, అంటే రాష్ట్రపతి. డైరెక్టర్ పదవి రీత్యా సభ్యుడు. సాంకేతిక విద్య, ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారులను కేంద్రం పంపుతుంది. వాళ్లు జాయింట్ సెక్రటరీ హోదాకు తగ్గకూడదు. పేరున్న సాంకేతిక నిపుణుల నుంచో పారిశ్రామికవేత్తల నుంచో ఇద్దరిని రాష్ట్ర ప్రభుత్వం పంపుతుంది. ఎన్‌ఐటీలన్నిటికీ కలిపి పైన ఒక కౌన్సిల్ ఉంటుంది. అది పంపేవాళ్లలో కనీసం ఒక మహిళ ఉండాలి. అధ్యాపకుల తరఫు మనుషులను, చదువు, పరీక్షల వ్యవహారాలు చూసే సెనేట్ పంపుతుంది.

చాలామంది ఇక్కడ సభ్యుల పేర్లు రాసుకుంటారు. నన్నడిగితే పేర్లతో పెద్దగా పనిలేదు, కాలం తీరగానే మారిపోతాయి. ఒక్కో సభ్యుడి పక్కన ‘పంపింది ఎవరు’ అని రాసుకోండి. ఢిల్లీ వైపు నుంచి ఎందరు, హైదరాబాద్ నుంచి ఎందరు, క్యాంపస్ లోపలి నుంచి ఎందరు అన్నది అప్పుడు తేలుతుంది. బోర్డు బరువు ఎటువైపుందో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఆ జాబితాలో రిజిస్ట్రార్ కనబడడు. ఆయన సంగతి వేరే సెక్షన్‌లో ఉంటుంది. రికార్డులు, సంస్థ ముద్ర, నిధులు, బోర్డు అప్పగించిన ఇతర ఆస్తి ఆయన సంరక్షణలో ఉంటాయి. బోర్డుకూ సెనేట్‌కూ కార్యదర్శి ఆయనే. తన పనికి జవాబు చెప్పుకోవాల్సింది డైరెక్టర్‌కు. అందుకే కాగితం కింద రిజిస్ట్రార్ సంతకం చూసి అది ఆయన నిర్ణయమే అనుకోకండి. ‘ఏ తీర్మానం ప్రకారం’ అని పైన ఎక్కడో ఉంటుంది, అది వెతకండి. లేకపోతే అడగండి, అడగడంలో తప్పేం లేదు.

ఇక అసలు పాఠం. ఈ చట్టం కింద రెండు రకాల నియమాలు పుడతాయి: స్టాట్యూట్లు, ఆర్డినెన్సులు (ప్రభుత్వం తెచ్చే అత్యవసర ఆర్డినెన్స్ వేరు, ఇది వేరు). తేడా చెప్పమంటే ‘ఒకటి పెద్దది, ఇంకోటి చిన్నది’ అంటారు. పరీక్షలో ఆ జవాబుకు మార్కులు పడతాయేమో గానీ, పనికి మాత్రం రాదు. మీరు అడగాల్సింది ఇది: ఆమోదం ముందా, అమలు ముందా?

స్టాట్యూట్‌ను బోర్డు చేస్తుంది. కానీ విజిటర్ ఒప్పుకునేదాకా అది చెల్లదు. విజిటర్ ఆమోదించవచ్చు, ఆపవచ్చు, మళ్లీ చూడమని బోర్డుకే తిప్పి పంపవచ్చు. ఆర్డినెన్స్ దారి దీనికి తలకిందులు. దాన్ని సెనేట్ చేస్తుంది, సెనేట్ చెప్పిన తేదీ నుంచే అమలవుతుంది. ఆ తర్వాతే బోర్డు ముందుకు వెళ్తుంది. బోర్డు తన వచ్చే సమావేశంలో దాన్ని పరిశీలించాలి, మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. అంటే స్టాట్యూట్‌కు తాళం ముందే వేసి ఉంటుంది, ఆర్డినెన్స్‌ను నడుస్తుండగా ఆపవచ్చు. మీ నోటుబుక్కులో ఈ రెండు దారులనూ బాణం గుర్తులతో గీసుకోండి. పది పేజీల వ్యాఖ్యానం కన్నా ఆ బొమ్మే ఎక్కువ పనికొస్తుంది.

ఇంకో సంగతి కూడా గమనించాలి. మొదటి స్టాట్యూట్లను బోర్డు రాయలేదు. విజిటర్ ముందస్తు ఆమోదంతో కేంద్ర ప్రభుత్వం తయారు చేసింది, 2009లో వచ్చాయి. కాబట్టి అధికారుల పదవీకాలం, నియామక పద్ధతి లాంటివాటిలో వరంగల్ బోర్డు తెల్లకాగితంతో మొదలుపెట్టలేదు. అప్పటికే ఉన్నదాన్ని మార్చే అధికారం మాత్రమే దాని చేతికొచ్చింది, అదీ ఢిల్లీ సంతకంతోనే. పాలకమండలి అంటే ఏదైనా చేసేయగలదని అనుకునేవాళ్లకు ఈ పేజీ చూపించండి.

ఇప్పుడు కొంచెం సాధన. కింద నాలుగు విషయాలు ఇస్తున్నాను. ఒక్కోటి స్టాట్యూట్ కిందికి వస్తుందో, ఆర్డినెన్స్ కిందికి వస్తుందో చట్టం తెరవకుండా ముందు ఊహించి రాయండి: పరీక్షల నిర్వహణ, పరీక్ష ఫీజు, విద్యార్థుల క్రమశిక్షణ, హాస్టల్‌లో ఉండే షరతులు.

రాశారా? పరీక్షల నిర్వహణ, క్రమశిక్షణ ఆర్డినెన్స్ విషయాలు. పరీక్ష ఫీజు, హాస్టల్ షరతులు స్టాట్యూట్ విషయాలు. ఎక్కువమంది హాస్టల్ దగ్గర బోల్తా పడతారు, అది పిల్లల రోజువారీ సంగతి కదా, సెనేట్ చూసుకుంటుందిలే అని. డబ్బు, వసతి, ఉద్యోగుల సర్వీసు, పెన్షన్, పీఎఫ్ ఇవన్నీ స్టాట్యూట్ వైపు ఉంచి, చదువు, పరీక్ష, డిగ్రీ షరతులను సెనేట్ వైపు వదిలారు. అలాగని ఫీజు అంకె స్టాట్యూట్‌లోనే అచ్చయి ఉండాలని కాదు. ఆ విషయం మీద నియమం చేసే అధికారం ఎవరిదన్నదే ఇక్కడ ప్రశ్న.

ఇంటిపని: ఇదే ఊళ్లో, 1976లో మొదలైన కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. దానికి పార్లమెంటు చట్టం వర్తించదు, రాష్ట్ర విశ్వవిద్యాలయాల చట్టం, 1991 వర్తిస్తుంది. అక్కడ బోర్డు స్థానంలో ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, సెనేట్ స్థానంలో అకడమిక్ సెనేట్ కనబడతాయి. విజిటర్‌కు బదులు ఛాన్సలర్ హోదాలో గవర్నర్ ఉంటారు. ఆ చట్టం తీసుకొని అవే బాణాలు గీయండి. ఏ నియమం ఎవరి ఆమోదం కోసం ఆగుతుంది, ఏది ఆగకుండా అమలవుతుంది? వైస్‌ఛాన్సలర్ ఒక్కరే, కౌన్సిల్ సమావేశం కాకముందే, నిర్ణయం తీసుకోగల సందర్భం ఏదైనా ఉందా? ఉంటే సెక్షన్ నంబరు రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.